ముందు పళ్లెం, తరవాత పూస

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పోయిన నెల ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోను వచ్చినప్పుడు పిండి కలుపుతున్నాను. చేయి కడుక్కోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

మాది ఆమదాలవలస స్టేషను దగ్గర పునుగుల కొట్టు, వెనకే ఇల్లు. బావగారు కంప్యూటరు ఉద్యోగం ఇంటి నుంచే చేసేవారు. బండి వేళకు మా ఆయన బుట్ట పట్టుకుని స్టేషనుకి వెళితే, కొట్లో బావగారు నిలబడేవారు. వంటగదిలో నేను. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు. పళ్లేలు పెట్టే నడిమి గదిలో ఆయనుంటే నేను తలుపు వెనక ఆగేదాన్ని. నేనుంటే ఆయన దగ్గి, గుమ్మం బయట ఆగేవారు. ఈలోగా పునుగులు చల్లారేవి, బండి వెళ్లిపోయేది. బేరం పడిపోయింది. "కొట్టు మూసీసి సెన్నై పోతాను, కూలి పనైనా దొరుకుతాది" అనడం మొదలుపెట్టారు మా ఆయన.

ఒకరోజు బావగారు మా ఆయనతో అంటున్నారు: "ఒరే, నా ప్రోగ్రాములోనూ ఇదే గోలరా. ఒకడు సరుకు పెడతాడు, ఇంకొకడు తీస్తాడు. మజ్జిన ఒకటే తాళం. అదొకడి దగ్గరుంటే రెండోవాడు కూకోవాల. మొన్న ఆ తాళం పీకీసినాను."

"పీకీస్తే దొంగలు పడరేటన్నయ్యా?"

"ఎర్రోడా, అది ఆ తాళం కాదురా!"

మర్నాడు బావగారు వంటగదికీ నడిమి గదికీ మధ్య గోడ కిటికీలో పలక బిగించి, సుద్దతో వరసగా గళ్లు గీశారు. పైన తెర కట్టారు. కింద చేతులు మాత్రం దూరతాయి. పలక అంచున రెండు తీగలు, ఒక్కోదానికి ఒక్కో పూస. గడిలో పళ్లెం పెట్టి నా ఎర్ర పూస అక్కడికి జరపాలి. పళ్లెం తీసుకున్నాక ఆయన తన పచ్చపూస జరుపుకుంటారు.

"నీ పూస నాను సూస్తాను గానీ ముట్టుకోనమ్మా. నా పూసకి నువ్వూ అంతే. ఒక్క గెంటులో జరపాల, సగంలో ఆపకూడదు. కంప్యూటర్లో దాన్నే అటామిక్ అంటారు" అన్నారు బావగారు, తెర అవతలి నుంచి.

ఆ మాట నాకు అర్థం కాలేదు. ఇక ఆగక్కర్లేదన్నది అర్థమైంది.

మొదటి రోజే బండి కూత విని, కంగారులో పూస ముందు జరిపేసి పళ్లెం కోసం వెనక్కి తిరిగాను. తెర కింద ఆయన చెయ్యి ఖాళీ గడిని తడిమింది.

"ఏటమ్మా, గాలి వడ్డించేవేటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పకపకా నవ్వారు. "బెంగెట్టుకోకు. నానూ మొదట్లో ఇదే సేసినాను. సరుకు పడకముందే గుర్తు మారిపోనాది, తీసేవోడికి సెత్త దొరికినాది. మా మేనేజరు నన్ను ఉతికి ఆరేసినాడు. ముందు పళ్లెం, తరవాత పూస. అంతే."

అప్పట్నుంచి పునుగులు వేడివేడిగా వెళ్లాయి. మా ఆయన చెన్నై మాట ఎత్తలేదు. తెర తీసెయ్యమని బావగారు ఏనాడూ అనలేదు. నా సిగ్గును నాకు ఉంచి, పని సాగేలా చూశారు. అంత మర్యాద నాకు ఇంకెవరూ చేయలేదు.

కర్మలయ్యాక కొట్టు తెరిచాం. బండి వేళ అయినా మా ఆయన బుట్ట ఎత్తుకోలేదు. "ఇక్కడ నిలబడడానికి ఎవులున్నారు? సెన్నైయే నయం" అన్నారు.

"మీరెల్లండి. నానుంటాను."

నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. అప్పుడే దించిన వాయి పట్టుకుని కొట్లోకి వచ్చి నిలబడ్డాను. ఒక ముసలమ్మ ముందుకు వంగింది.

"ఏడిగున్నాయేటే?"

"సూడు మామ్మా."

ఆమె నేనిచ్చిన పొట్లం విప్పింది. ఆవిరి కళ్లద్దాలను కమ్మేసింది. తుడుచుకోకుండానే ఒకటి తీసి, ఊదుకుంటూ, చూపు ఆనకపోయినా నవ్వుకుంటూ బండి వైపు నడిచింది.