కాన్వాయ్‌లో మామ కారు

మామ కారు, నా పెండ్లి, మామ పరువు... ఈ మూడింటినీ ఒక్క పూటలో ముంచబోయిన మొనగాణ్ని నేను. నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, అది వేరే సంగతి.

మా మామది పులివెందుల. కూతురు శైలజను నాకివ్వాలా వద్దా అని ఆరు నెలలుగా ఆలోచిస్తూనే ఉన్నాడు. ప్రొద్దుటూరులో సర్వీసుకిచ్చిన కొత్త కారును తెచ్చి అప్పగించే పని నాకు పెట్టాడు. అది పని కాదు, పరీక్ష.

"పదకొండుకల్లా కారు నా ఇంటి ముందరుండల్ల. ఆ దొరల కార్లు చూసేకి పోయినావంటే పిల్ల సంగతి మర్చిపో" అని ఫోన్లో ముందే చెప్పాడు.

దొరల కార్లంటే, దేశదేశాల వాళ్లు పాతకాలపు కార్లేసుకుని తిరిగే అంతర్జాతీయ ర్యాలీ. ఆ పొద్దున జమ్మలమడుగులో ఆగి, పులివెందుల మీదుగా పోతుందట. నేనేం చేశానో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. స్నేహితుడు బాషాను పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా జమ్మలమడుగుకే పోయాను.

అబ్బ, ఏం కార్లవి! బోర్లించిన బాణలిలా ఒకటి, పెండ్లి పెట్టెలా ఇంకొకటి. పచ్చ కారులోని ముసలి దొరసాని నా వైపు చేయి ఊపింది. అంతటితో నా బుర్ర పనిచేయడం మానేసింది. కార్లన్నీ లైట్లేసుకుని వరసగా కదిలాయి.

మా వైపు ఒక అలవాటుంది. పది కార్లు లైట్లేసుకుని పోతున్నాయంటే ఎవరో నాయకుడు పోతున్నట్టే. వెనక మన బండి కలపాలి. ఎవరని తరవాత అడగొచ్చు.

"ఎట్లాగూ పులివెందులకే కదా, కలుపప్పా" అన్నాడు బాషా. కలిపాను.

నా వెనక ఒక జీపు కలిసింది. దాని వెనక ఇంకో రెండు. ముద్దనూరు దాటి అద్దంలో చూస్తే బండ్ల వరసకు తోక కనబడలేదు. అరటిగెలల లారీ కూడా లైట్లేసుకుని వస్తోంది. మోటారు సైకిలువాడొకడు పక్కకొచ్చి ఎవరొస్తున్నారని అడిగితే, తెలీదు గానీ శానా పెద్దోళ్లని బాషా చెప్పాడు. ఆ మాట ఫోన్లలో మాకంటే ముందే పులివెందులకు పోయింది. దారిలో ఊరూరా పూలు చల్లారు. కారు రంగు కనబడనన్ని బంతిపూలు. పదకొండు ఎప్పుడో దాటింది. తప్పుకుందామంటే సందు లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పులివెందుల మొదట్లోనే జనం, టపాకాయలు. దొరల కార్లు దాటిపోతుంటే గుంపులోంచి ఒక పెద్ద గొంతు వినబడింది.

"అవి ముందర పోయే సెక్యూరిటీ బండ్లు, వదిలేయండి. నాయకుడు నడిమధ్య కార్లో ఉంటాడు."

ముందు దొరలు, వెనక మావాళ్లు. నడిమధ్య నేను. తలుపు తెరుచుకుంది. మోకు లావు దండ మెడలో పడింది. తలెత్తితే ఎదురుగా చేతులు జోడించి మా మామ. పదకొండు దాకా కారు కోసం చూసి, రాకపోయేసరికి దండ కొనుక్కుని నడిచే వచ్చాడట.

"నువ్వా?" అన్నాడు, పెదవి కదపకుండా.

"నేనే మామా."

"ఇది నా కారేనా?"

"నీదే మామా."

ఎవరప్పా ఆయప్ప అని జనం తోసుకొస్తున్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. వేసిన దండ వెనక్కి తీస్తే మామ పరువు ఆ నడిరోడ్డులోనే పోతుంది. ఒక్క క్షణం ఆలోచించి, నా భుజం మీద చేయి వేసి, నొప్పెట్టేలా నొక్కి, జనం వైపు తిరిగాడు.

"మా అల్లుడు. దేశదేశాల కార్ల పందానికి పోయొస్తాండాడు."

మళ్లీ టపాకాయలు పేలాయి. ఆరు నెలలు తేలని సంబంధం అర నిమిషంలో తేలిపోయింది.

ఆ పూటే కారు స్టీరింగు మీద చేయివేసి ఒట్టు పెట్టుకున్నాను. నాలుగు కార్లు లైట్లేసుకుని వరసగా కనబడితే బండి పక్కకు ఆపి, తాళం జేబులో వేసుకుంటాను. ఈ ఒట్టుకు కట్టుబడి నా పెండ్లి ఊరేగింపులో కూడా కారెక్కనని మొండికేశాను. శైలజే చేయి పట్టి లాక్కెళ్లి కూర్చోబెట్టింది, నడిమధ్య కార్లో.