స్టిక్కరు మీద ఆరువందల యాభై

నేను మొదట అనుమానించింది మా మరిదిని. మా పెరటి గోడ అవతల అతని రొయ్యల చెరువు ఉంది. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. మా వైపు ఏ ఇంట్లో మిక్సీ కాలినా, టీవీ పోయినా, ముందు చెరువుల మోటార్లనే తిట్టుకుంటాం. అందుకని మనవరాలి కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైనప్పుడు నేను గోడ దగ్గరికి వెళ్ళి అతన్ని నిలదీశాను.

"మా ఏరియేటర్లకి వేరే ట్రాన్స్‌ఫార్మరండి వదినగారూ. స్తంభం చూసుకోండి, మీ తీగ ఇటు రానే రాదు" అన్నాడు.

నేను వెళ్ళి చూశాను. అతని మాట నిజమే. అయినా అంత తొందరగా సమాధానం చెప్పేవాళ్ళంటే నాకు నమ్మకం తక్కువ.

మనవరాలు మా పెద్దబ్బాయి కూతురు. పాలకొల్లులో నా దగ్గరే ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆటల కోసమని తయారు చేయించుకున్న పెద్ద కంప్యూటరు దానికి ఉంది. ఆన్‌లైన్లో అయిదుగురు కలిసి ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట అది. జట్టులో ఆడపిల్ల ఇదొక్కతే. మిగతా నలుగురివీ వేరే ఊళ్ళు. కెప్టెను కాకినాడ కుర్రాడు. వాళ్ళ మాటలు స్పీకర్లోంచి వంటింట్లోకి వినపడుతుంటాయి.

ఒకరోజు ఆట మధ్యలో కంప్యూటరు ఆగిపోయి మళ్ళీ వెలిగాక, కెప్టెను గొంతు వినపడింది. "ఓడిపోయే ముందే మీ ఊళ్ళో కరెంట్ పోతుందేంటి? చాలా తెలివైన కరెంట్!"

మిగతావాళ్ళు నవ్వారు. మనవరాలు నవ్వలేదు.

"నేను ఆపట్లేదురా. అదే ఆగిపోతోంది."

"ఆదివారం టోర్నమెంటు క్వాలిఫయర్లో కూడా అదే ఆగిపోతే, నీ చోట్లో వేరేవాణ్ణి పెట్టుకుంటాం. ముందే చెప్తున్నా."

ఆ పిల్ల ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. జట్టులో చోటు పోవడం ఒక ఎత్తు. ఓటమికి జడిసి స్విచ్చి నొక్కిందన్న పేరు రావడం ఇంకొక ఎత్తు. నాకూ మనసులో ఒక ముల్లు ఉంది. చిన్నప్పుడు వైకుంఠపాళిలో పాము నోట్లో పడేసరికి బల్ల తిరగేసిన పిల్ల ఇది.

అందుకని మర్నాడు మధ్యాహ్నం అది సాధన చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాను. గదిలో ఫ్యాను ఇన్వర్టరు మీద నడుస్తుంది కాబట్టి దాని సాక్ష్యం చెల్లదు. కంప్యూటరు తగిలించిన బోర్డుకే ఒక బల్లదీపం కూడా తగిలించి వెలిగించాను. ఒక కన్ను దీపం మీద, ఒక కన్ను పిల్ల చేతుల మీద పెట్టాను. తెర మీద పొగబాంబులు, మంటలు, అందరూ ఒకేసారి కాల్చుకోవడం మొదలైంది. పెట్టెలో ఫ్యాన్లు రయ్యిమన్నాయి. అంతే, కంప్యూటరు చచ్చిపోయింది. పిల్ల కుడిచెయ్యి మౌసు మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉన్నాయి. దీపం రెప్పపాటు కూడా వణకలేదు.

కరెంటు పోలేదు, పిల్ల ఆపలేదు. ఇక మిగిలింది పెట్టె.

నేను పదవీ విరమణ దాకా ఒక రైసుమిల్లులో లెక్కలు రాశాను. ఉత్తినే తిరిగే మోటారును చూసి బాగుందని మిల్లులో ఎవరూ అనరు. ధాన్యం పోసి, బరువు పడ్డాక తిరిగితేనే అది మోటారు. ఈ కంప్యూటరు సినిమా చూపిస్తున్నప్పుడు ఆగలేదు, కాలేజీ పాఠాలప్పుడు ఆగలేదు. బరువు పడ్డప్పుడే ఆగుతోంది.

"లోపల అన్నిటికీ కరెంటు పంచేది ఏదే?" అని అడిగాను.

"ఎస్ఎంపీఎస్ మామ్మా. వోల్టేజ్ తగ్గించి మదర్‌బోర్డుకీ గ్రాఫిక్స్ కార్డుకీ ఇస్తుంది. నాది ఆరువందల యాభై వాట్లు. కార్డుకి అయిదువందల యాభై ఉంటే చాలని కార్డు అట్టపెట్టె మీదే ఉంది."

"తలుపు తియ్యి. చూస్తాను."

ప్లగ్గు పీకించి, అద్దం తలుపు తీయించాను. ఆ ఎస్ఎంపీఎస్ అన్న ఇనప డబ్బా మీద 650 అన్న అంకె పెళ్ళి బ్యానరంత ఉంది. దాని కింద చీమ తలలంత అక్షరాలతో ఒక పట్టిక ఉంది. ఫోనుతో ఫొటో తీయించి పెద్దది చేసి చదివాను. కార్డూ ప్రాసెసరూ తినేది పన్నెండు వోల్టుల తీగల నుంచేనట. ఆ వరుసలో ఉన్నది ఇరవై అయిదు ఆంపియర్లు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. పన్నెండు ఇరవై అయిదులు మూడువందలు.

ఆ అంకె చూశాక నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. శనివారం పొద్దున్నే డబ్బా ఊడదీయించి, పిల్లను తీసుకుని బస్సెక్కి, కంప్యూటరు తయారుచేసిన రాజమండ్రి దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు డబ్బా వంక చూడకుండానే "వోల్టేజ్ ప్రాబ్లమండి. చెరువులెక్కువ కదండి మీ వైపు. యూపీఎస్ పెట్టించుకోండి" అన్నాడు.

"దీపం వణకలేదండి. ముందు ఈ ఆరువందల యాభై ఎక్కడుందో చూపించండి" అని ఫొటో ముందు పెట్టాను.

అతను చదివి నవ్వేశాడు. "ఇది క్యాబినెట్‌తో ఉత్తినే వచ్చే డబ్బా అండి మామ్మగారూ. స్టిక్కరుకేముందండి, అంటించుకున్నంత. మంచిది వేయించుకోమని ఆ రోజే పాపకి చెప్పానండి."

నేను పాప వంక చూశాను. పాప నేల వంక చూసింది.

"రంగు లైట్ల ఫ్యాన్లు వేయించుకున్నా మామ్మా. రెంటికీ డబ్బు సరిపోలేదు."

"లైట్లు బాగానే వెలిగాయిలే, ఆరిపోయేదాకా" అన్నాను. ఆ మాటకి దుకాణదారు నవ్వబోయి నా మొహం చూసి మానేశాడు. చెప్పానన్నాడు సరే, చెప్పినవాడు పెట్టెలో అదే డబ్బా ఎందుకు బిగించాడు?

అది అడిగితే గొంతు తగ్గించాడు. "అందరూ ఇదే చాలంటారండి. అయినా మీ అదృష్టమండి, ఆగిపోయి ఊరుకుంది. మంచిదైతే ఎక్కువతక్కువలొస్తే తన మట్టుకు తను ఆగి, మిగతావాటిని కాపాడుద్ది. ఇలాంటివి పోతా పోతా కార్డునీ బోర్డునీ కూడా పట్టుకుపోతాయండి."

ఆ పెట్టెలో అన్నిటికంటే ఖరీదైనవి ఆ రెండే. వాటిని కాపలా కాయమని అన్నిటికంటే చవకదాన్ని కూర్చోబెట్టారు.

కొత్తది తెప్పించాను. పన్నెండు వోల్టుల దగ్గర యాభై నాలుగు ఆంపియర్లు. గుణిస్తే ఆరువందల నలభై ఎనిమిది. పైన రాసింది ఆరువందల యాభై. ఆ మాత్రం తేడాకి ఒప్పుకున్నాను. వారంటీ ఏడేళ్ళు అన్నాడు. బిల్లు మీద రాయించుకున్నాను. అయినా అచ్చు వేసేవాడికి ఏ అంకైనా ఒకటే. అందుకని ఆదివారం దాకా నమ్మకం వాయిదా వేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. మొదట గెలుస్తున్నట్టే ఉన్నారు, తరవాత వరసగా దెబ్బలు తిన్నారు. చివర పొగ, మంట, కాల్పులు అన్నీ ఒక్కసారే లేచాయి. పెట్టె తొణకలేదు. జట్టులో నలుగురూ చచ్చిపోయి మా పిల్ల ఒక్కతే మిగిలింది. ఎదుటివాళ్ళు ముగ్గురు. అది ఆఖరు దాకా నిలబడి, తెర మీద అందరూ చూస్తుండగా, ఓడిపోయింది.

"ఏంటి, కరెంట్ ఉందా?" అన్నాడు కెప్టెను.

"ఉంది. ఓడిపోయాం."

"అది చూశాంలే. అయినా ఆ చివరి పొగబాంబు అక్కడ వేస్తారా ఎవరన్నా? గోడకేశావ్!"

"నువ్వు ఎడం వైపన్నావ్ కదరా!"

"నా ఎడం వైపు! నీ ఎడం వైపు కాదు! బుధవారం అందరం ప్రాక్టీసు. నువ్వూ రావాలి, పొగ వెయ్యడం నేర్పిస్తా."

"నువ్వు నాకు నేర్పిస్తావా?" అని మా పిల్ల కుర్చీలో ముందుకి వంగి గొంతు పెంచింది. బాంబు గురించి, మెట్ల గురించి, ఎవరు ముందు చచ్చారన్న దాని గురించి అయిదుగురూ ఒకేసారి అరుచుకోవడం మొదలుపెట్టారు. కరెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.