అవ్వ నడుమెత్తిన రోజు

నా చిన్నప్పుడు ఒక నాట్ల కాలంలో, మా అవ్వ చేతిలోని నారు కట్ట జారి బురదలో పడింది. అవ్వ చేతిలోంచి ఏదైనా జారడం నేను అంతవరకు చూడలేదు. ఒడ్డు మీద నీళ్ల బిందె దగ్గర కూర్చున్న నాకు అప్పుడే భయం పుట్టింది.

రేగొండ దగ్గరి మా ఊళ్లో అవ్వ నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. ఇరవై మంది ఆమె పక్కన వరుసగా వంగి నాటేవారు. పెద్దామె నడుమెత్తేదాకా వరుసలో ఇంకెవరూ నడుమెత్తకూడదు, అది వాళ్ల కట్టుబాటు. అవ్వకు అలసట తెలియదని చుట్టుపక్కల పేరు. ఆ పేరు నిలుపుకోవడానికి పొద్దున్నుంచి వంగినది వంగినట్టే ఉండేది.

ఆ రోజు ఆమె జారిన కట్టను తీసుకోలేదు. మోకాళ్లు పట్టుకుని ఒడ్డెక్కి నా పక్కన కూలబడింది. వెంటనే మడిలో ఇరవై నడుములు ఒక్కసారిగా లేచాయి. "నీ పుణ్యం అక్కా, ఇంక జరసేపైతే నారుతోటి నన్ను గూడ నాటేటోళ్లు" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. తన మొండితనాన్ని ఇన్ని నడుములు మోస్తున్నాయని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

పొలం ఆసామి గట్టు వెంట వచ్చాడు. "ఏందవ్వా, పెద్దదానివి నువ్వే కూసుంటే ఎట్ల? రేపటి సంది వేరే గుంపును పిలుస్త."

"పిలుసుకో బిడ్డా. పెద్దదాన్ని గాబట్టే కూసున్న. నేను కూసుంటెనే వీళ్లు కూసుంటరు."

అతను నిజంగానే వేరే గుంపును పిలిచాడు. రెండు రోజుల పని పోయింది. అవ్వ మాత్రం ఆ తర్వాత ఏ పొలంలోనైనా గంటకోసారి తానే ముందు నడుమెత్తేది.

ఇప్పుడు నేను మహబూబాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సులకు ఇన్‌ఛార్జిని. నేను లేకపోతే ఏదో జరిగిపోతుందని నెల రోజులుగా వారానికొక రోజు సెలవు కూడా తీసుకోలేదు, మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. నిన్న మూడింటికి కొత్తగా చేరిన అమ్మాయి కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఎందుకు తినలేదని అడిగితే, "మీరు తినలే గద మేడం" అంది. బురదలో పడిన నారు కట్ట కళ్ల ముందు మెదిలింది. అందరినీ పిలిచి ముందు నేనే అన్నం డబ్బా మూత తీశాను. తర్వాత మేనేజరు దగ్గరకు వెళ్లి రేపు సెలవన్నాను. "ఇన్‌ఛార్జివి, నువ్వే రాకుంటే ఎట్లమ్మా?" అన్నాడు.

"ఇన్‌ఛార్జిని గాబట్టే సార్" అన్నాను.

భయం పోలేదు. ఈ రాత్రి ఇది రాస్తూ కూడా ఫోను వైపు చూస్తూనే ఉన్నాను. కానీ ఈ ఉదయం, ఇంకా డ్యూటీకి పోలేదేమని మా పిల్లలు అడిగినప్పుడు మాత్రం తడబడకుండా చెప్పాను.

"పోను బిడ్డా. ఫోన్ మోగితే మీరే ఎత్తున్రి. అమ్మ నడుమెత్తింది, రేపొస్తదని చెప్పున్రి."