కొసరుగా వచ్చిన చల్లగాలి

మా ఇంట్లో వస్తువు కొనడం ఒక పని, దాని మీద కొసరు రాబట్టడం ఇంకో పని. మొదటిది ఎవరైనా చేస్తారు. ఒంగోలు బజారులో మా కిరాణా కొట్టుకు వచ్చినవాళ్ళు పప్పు తూయించుకున్నాక పైన ఇంకో గుప్పెడు వేయించుకుంటే గాని మెట్టు దిగేవాళ్ళు కారు. వాళ్ళకు వేసీ వేసీ ఆ జబ్బు మాకూ అంటుకుంది. అందుకే గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర పాత నల్ల కారు కొన్నప్పుడు, బేరం తెగి తాళంచెవి చేతికొచ్చాక కూడా నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేం కావాలయ్యా?" అన్నాడాయన.

"కొసరండీ."

"కారుకి కొసరేంటయ్యా? ఇదేమన్నా కందిపప్పా?"

"మచ్చు చూస్తానని మీరు రైతు బస్తాలోంచి తీసే మిరపకాయలు తిరిగి బస్తాలోకి పోతున్నాయాండీ? ఇదీ అలాంటిదే."

ఆయన నవ్వి, నన్ను కారు షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అక్కడ మూల కారు ముక్కుకు సరిగ్గా అతికేలా చేయించిన వట్టివేళ్ళ తడిక ఉంది. దాని నెత్తిన నీళ్ళ డబ్బా, డబ్బాకు చిన్న కుళాయి. తడిక వెనక నుంచి కారు లోపలికి ఒక రేకు గొట్టం. కుళాయి తిప్పితే తడిక తడుస్తుంది, కారు పరిగెత్తితే ఆ తడిలోంచి వచ్చిన గాలి గొట్టం గుండా మన ఒళ్ళోకి వస్తుంది.

"పట్టుకుపో. నాకు పడలేదు" అన్నాడు.

ఎందుకు పడలేదని అడగాల్సింది. పాపం జలుబు చేసి ఉంటుందనుకుని, ఆయన మనసు మారేలోగా తడికను చంకన పెట్టుకుని బయటపడ్డాను.

ఇంతకీ కారు నా షోకు కోసం కొనలేదు. మా ఆవిడ మొదటి కాన్పుకని వినుకొండలో పుట్టింట్లో ఉంది. పిల్లకు ఐదో నెల. మా వైపు పసిబిడ్డను బేసి నెలలోనే తండ్రి ఇంటికి తెచ్చుకుంటారు. ఐదు దాటితే ఏడు, ఏడో నెలంటే ఆషాఢం, ఆషాఢంలో కూతుర్ని పంపనని మా మామగారు ముందే అనేశాడు. తర్వాత శ్రావణం, నోములు. ఆయన లెక్క చూస్తే నా పెళ్ళాం బిడ్డలు దసరా దాకా నాకు దక్కేలా లేరు. ఆయనకు బట్టల కొట్టుంది. ఇరవై చీరలు విప్పించి చూసి వెళ్ళిపోయేవాళ్ళ చేత కూడా ఒక జాకెట్టు గుడ్డయినా కొనిపించగల మనిషి. మొదటి మనవరాలిని అంత తేలిగ్గా వదులుతాడా?

"ఈ రోహిణి ఎండల్లో బస్సులో పసిదాన్నెలా పంపను అల్లుడుగారూ? చల్లగా తీసుకెళ్ళే బండేమన్నా ఉంటే చెప్పండి, ఇప్పుడే పంపుతాను" అన్నాడు. అలాంటి బండి భూమ్మీద ఉండదని ఆయన ధీమా. ఇప్పుడది నా దగ్గర ఉంది.

మా డ్రైవరు పెద్దవయసు సాయిబు. మొదటిసారి వినుకొండ బయల్దేరినప్పుడు కుళాయి తిప్పగానే లోపలికి వచ్చిన వట్టివేళ్ళ వాసనకు, "శెట్టిగారూ, జన్నత్, అదే మీ స్వర్గం, ఇట్టాగే ఉంటదంట" అన్నాడు. ఆయన ఆ మాట పూర్తి చేశాడో లేదో బానెట్టు కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. రేడియేటరులో నీళ్ళు కుతకుతమంటున్నాయి. ఆపి, చల్లార్చి, నీళ్ళు పోసి, కుళాయి కట్టేసి నడిపాం. తడిక ఆరాక బండి బుద్ధిగా పోయింది. మళ్ళీ తిప్పాం, మళ్ళీ మరిగింది. మేము చల్లబడితే అది కాగుతుంది. అది చల్లబడాలంటే మేము కాగాలి. అద్దంకి దాకా కూడా పోలేక వెనక్కి తిరిగాం.

ఒంగోలు మెకానిక్కు రబ్బరు గొట్టాలన్నీ మార్చాలన్నాడు. రెండోసారి ఎలాగో అద్దంకి దాకా ఈడ్చుకుపోతే అక్కడి మెకానిక్కు, గొట్టాలకేం, ఫ్యాను బెల్టు మార్చాలన్నాడు. నేను ఇద్దరితోనూ బేరమాడి, ఒకరి దగ్గర సగం గొట్టాలూ, ఇంకొకరి దగ్గర వాడిన బెల్టూ వేయించాను. జబ్బు మాత్రం పూర్తిగానే ఉంది. తడిక తప్పేమో అని ఎవరూ అనలేదు. ఆరినప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది కదా, అప్పుడు బండి బాగానే నడుస్తోంది కదా.

నెల నిండటానికి ఇక రెండు మూడు రోజులే ఉన్నాయి. తెగించి, కుళాయి కట్టేసుకుని, చెమటలు కక్కుకుంటూ వినుకొండ చేరాను. మర్నాడు పొద్దున మా అత్తగారు పిల్లకు తలంటి, సాంబ్రాణి పొగ వేస్తోంది. పెరటి గాలికి ఆ పొగ ఇల్లంతా దాటి, వీధి గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడికలోంచి బయటికి పోతోంది. ఇంతలో మా మామగారు రోజూలాగే చెంబుతో నీళ్ళు తెచ్చి తడిక మీద చల్లాడు. పొగ అక్కడే ఆగింది. వెనక్కి తిరిగి మా మొహాల మీదికి వచ్చింది. పిల్ల తుమ్మింది.

"ఇప్పుడే తడపాలాండీ? వేళ్ళు ఉబ్బి గాలి మూసుకుపోయింది. తలుపన్నా తియ్యండి" అని విసుక్కుంది మా అత్తగారు.

నేను ఆవిడ చేతిలోంచి నిప్పుల మూకుడు లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. సాయిబు గారిని ఇంజను వేయమని, కారు ముక్కు ముందు మూకుడు పట్టుకుని గొంతుక్కూర్చున్నాను.

"బండికి దిష్టి తీస్తన్నారా శెట్టిగారూ?"

"చూడండి మీరు."

ఆరిన తడికలోంచి ఫ్యాను పొగను లోపలికి పీల్చేసుకుంది. కుళాయి తిప్పి తడిక బాగా నానాక మళ్ళీ పట్టాను. పొగ తడికను తాకి, పైకి లేచి నా కళ్ళలోకి వచ్చింది. రేడియేటరుకు పోవాల్సిన గాలిని మా తడిక మింగేస్తోంది. కళ్ళు తుడుచుకుని చూస్తే వీధిలో సగం జనం నా చుట్టూ ఉన్నారు. ఎవరో కారుకు దణ్ణం కూడా పెట్టారు.

తడికను ముక్కు మీంచి ఊడదీసి, వెనక సీటు ఎడమ కిటికీకి పురికొసతో కట్టాం. తడపడానికి నీళ్ళ బిందె, చెంబు లోపల పెట్టాం. గాలి తిరగాలని అవతలి కిటికీ తీసి ఉంచాం. మా మామగారు మాటలు నమ్మే రకం కాదు. మిట్టమధ్యాహ్నం తానే ఎక్కి కూర్చుని, కొండ చుట్టూ తిప్పి తెమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి బండి మరగలేదు. ఆయన కునుకు తీస్తున్నాడు. లేపాల్సి వచ్చింది.

"చల్లగానే ఉందిలే" అని దిగి, "అయినా ఇవాళ మంగళవారం గదా" అన్నాడు.

"అయితే రేపు తెల్లారగానే మావయ్యగారూ."

"రేపు మీ అత్తయ్య అరిసెలు వండాలి. ఎల్లుండి."

"ఎల్లుండికి నెల దాటుతుంది. రేపు మధ్యాహ్నం, అరిసెలు సగమైనా ఫరవాలేదు."

"సాయంత్రం."

మా ఆవిడ పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. వెనక పనిమనిషి నెత్తిన ట్రంకుపెట్టె.

"మీ బేరం తెగేలోపు దీనికి పెళ్ళీడొస్తుంది. మంగళవారం నాకు పట్టింపు లేదు నాన్నా. పెట్టె ఎక్కించండి" అంది.

మా మామగారు ఆవిడకేసి చూశాడు, నాకేసి చూశాడు. ఎవరితో బేరమాడాలో తోచక మనవరాలి బుగ్గ నొక్కి పక్కకు తప్పుకున్నాడు. అరిసెల పిండి మాత్రం గిన్నెతో సహా కారెక్కించింది మా అత్తగారు.

తడికకు నీళ్ళు పోయాలనే వంకతో కిటికీ పక్కన నేనే కూర్చున్నాను. అద్దంకి దాటాక సాయిబు గారు బండి ఆపి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూసి, వచ్చి మళ్ళీ బండి తీశారు. మా ఆవిడ నా మోకాలు తట్టింది.

"నీళ్ళు పోయడం నాకూ వచ్చు. పిల్ల చెమటోడుతోంది, ఇటు జరగండి."

జరిగాను.