భూతంతో మిఠాయిల బేరం

మా బళ్లారిలో పొద్దున తెల్లచొక్కా తొడుక్కుని బయటికెళ్లినవాడు సాయంత్రానికి ఇటుకరంగు చొక్కాతో ఇల్లు చేరే రోజులవి. మైనింగు మంచి జోరు మీదుంది. రోడ్డు దాటాలంటే లారీకీ లారీకీ మధ్య సందు కోసం కాచుకోవాలి. ఆ సందు దొరికేలోపు అవతలి పనే మర్చిపోయి వెనక్కి తిరిగినవాళ్లున్నారు (మా నాయన అలా రెండుసార్లు క్షవరం మానుకున్నాడు). నిన్నటిదాకా మా దగ్గర సైకిల్ పంపు అడుక్కున్నవాళ్లు ఇవాళ కారు అద్దం దించి పలకరిస్తున్నారు. ఊరు ఊరంతా ఇలా పరుగుల మీద ఉంటే, నేనొక్కణ్ణే పక్కనే ఉన్న సంగనకల్లులో మా ఇంటి వసారాలో కూర్చుని, జిలేబికి ఎన్ని ప్రాణాలుండాలా అని ఆలోచిస్తున్నాను. అది వెర్రితనమని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అప్పట్లో నేనున్న స్థితి అలాంటిది.

ఆ స్థితి ఏమిటంటే, ఇంజనీరింగు ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పాను. మొదటిసారి తప్పితే ఇంట్లో తిడతారు. రెండోసారి తప్పితే తిట్టడం మానేస్తారు, అది మరీ నరకం. నాయన నన్ను చూసినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నవాడిలా జేబులు తడుముకునేవాడు. అమ్మ నా పళ్లెంలో అన్నం కాస్త ఎక్కువే పెట్టేది, ఆ ఎక్కువలో జాలి కలిపి. ఇలా నేను బతికున్నానో లేదో నాకే తెలియని రోజుల్లో, బెంగళూరులో చదివే మా పెదనాన్న కొడుకు సెలవులకు వచ్చి ఒక జిరాక్సు పుస్తకం నా మొహాన పడేసి పోయాడు. అందులో ఒక ఆట ఉంది. బోర్డు లేదు, పావులు లేవు. నలుగురు చుట్టూ కూర్చుంటే ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు కథలో తలా ఒక పాత్ర అయిపోయి, ఇప్పుడు నేను ఫలానాది చేస్తాను అంటారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. చిత్రమేమిటంటే పాత్రలన్నీ మిఠాయిలే. ప్రాణమొచ్చిన మిఠాయిలు కత్తులూ గరిటెలూ పట్టుకుని భూతాల మీద యుద్ధానికి పోతాయి. అవన్నీ ఏ దేశపువో, మేం ఎన్నడూ నోట పెట్టినవి కావు. పుడ్డింగు బొమ్మ చూసి మా అవ్వ, "ఇది సద్దంబలి గడ్డకట్టింది గదరా, దీనికి కత్తొకటా" అని తేల్చేసింది. దాంతో ఆ పాత్రలన్నీ తీసేసి మన సరుకు పెట్టుకున్నాను. పాచికలకు బదులు అవ్వ దగ్గరున్న ఆరు గవ్వలు.

ఆటగాళ్లు ముగ్గురు. మొదటివాడు కూరెకుప్పలో ఉండే మా మేనత్త కొడుకు. లారీ సౌండు విని ఎన్నో గేరులో పోతోందో చెప్పేవాడు గనక వాణ్ణి గేరుబావ అనేవాళ్లం. వాడు ఓళిగ, అంటే బొబ్బట్టు, అయ్యాడు. పైకి మెత్తన, లోపల ఏం దాచిందో ఎవరికీ తెలియదు (వాడికి సరిగ్గా సరిపోయిందని ఇప్పుడనిపిస్తుంది). రెండోవాడు కాలేజీలో నా పక్కన కూర్చున్న పొడుగోడు, కంటోన్మెంటులో ఇల్లు. ఒకే వాక్యంలో తెలుగు, కన్నడ, దక్కనీ మూడూ మాట్లాడేవాడు. వాడు మైసూర్‌పాకు. మూడోది నా చెల్లెలు, పీయూసీ చదువుతోంది, అది జిలేబి. ఎటునుంచి పట్టుకున్నా ఇంకో మెలిక మిగిలే ఉంటుంది. చాప మీద పావులుగా నిజం మిఠాయిలే పెట్టుకునేవాళ్లం. ఓళిగనీ జిలేబినీ వారం వారం మార్చాల్సి వచ్చేది. మైసూర్‌పాకు మాత్రం మొదటి ఆదివారం పెట్టిందే చివరిదాకా నిలిచింది, చీమలు కూడా రెండు వారాలు ప్రయత్నించి మానుకున్నాయి.

కథ చెప్పేవాణ్ణి నేను, భూతాన్నీ నేనే. ఈ మాట గొప్పకి చెప్పడం లేదుగానీ, నాకు పుట్టి బుద్ధెరిగాక చేతనైన పని అదొక్కటే. కొండల్ని తినే ఒక ఎర్రభూతాన్ని పుట్టించాను. అది కొండ నమిలి ఊదితే ఎర్రటి దుమ్ము లేచి మిఠాయిల ఊరి మీద పడుతుంది. దుమ్ము పడ్డ మిఠాయిని ఎవరూ తినరు. ఎవరూ తినని మిఠాయి ఎండి చచ్చిపోతుంది. కూరెకుప్ప దగ్గర మేనత్తవాళ్ల పత్తి ఆ ఏడాది కాయ పగలగానే ఎర్రబారడం చూసి వచ్చిన రోజు రాసుకున్న కథ ఇది. నేనేదో మహా లోతైన సంగతి రాసేశానని, ఎవరైనా పసిగడతారేమోనని లోపల ఒకటే పొంగు. ఎవరూ పసిగట్టలేదు. "భూతం బాగుండాదప్పా, దీనికి మీసాలు పెట్టు" అన్నాడు బావ.

ఎనిమిది నెలలు సాగింది. ఆదివారం పొద్దున బావ మోటారుసైకిలు చప్పుడు వినబడగానే నాకు ఊపిరొచ్చేది. చీమల సైన్యాన్ని గెలిచారు, నిమ్మరసం మడుగు దాటారు, జిలేబి ఒక మెలిక తెగి కూడా కొండచిలువని తన చుట్టల్లోనే ఉరేసింది. "తినేదాన్ని తినక, దానికి కొట్లాటలు నేర్పిస్తాండారే!" అని అవ్వ గడప మీద కూర్చుని మొత్తుకునేది, కానీ గవ్వలు పడగానే తొంగి చూసేది. మిగతా ఆరు రోజులూ నేను ఆదివారం కోసమే లేచేవాణ్ణి. అది ఆగిపోతే నేనేమవుతానో ఆలోచించే ధైర్యం కూడా నాకుండేది కాదు.

ఆగిపోయే సూచనలు మెల్లగా కనబడ్డాయి. మేనత్తవాళ్లు ఎర్రబారిన పత్తి పీకించి, ఆ చేను ఇనుపరాయి కుప్పలు పోసుకునేవాళ్లకి ఇచ్చేశారు. ఒక టిప్పరు కొన్నారు, ఆ వెనకే ఇంకోటి. బావ చేతికి సెల్‌ఫోను వచ్చింది. ఓళిగ కత్తి దూసి భూతం గుహలో నక్కి ఉన్నప్పుడే అది మోగేది. "లోడు యాడుండాదప్పా? యాడ నిలిపినావు? ఈడికి రావద్దు, ఆడనే ఉండు!" అని బావ అరిస్తే, పొడుగోడు గుహలో ఉన్న మైసూర్‌పాకుని తీసి వెనక్కి పెట్టేవాడు, తనకే చెప్పాడనుకుని. అంతలో పొడుగోడికి కూరెకుప్పలోనే లారీలు తూచే కాటా దగ్గర పని కుదిరింది. ఒక ఆదివారం ఒకడు రాడు, మరో ఆదివారం ఇంకొకడు. చెల్లెలు మాత్రం చాప పరిచి కూర్చునేది. నాకు అన్నం సయించేది కాదు.

ఇక లాభం లేదని ఒక ఉపాయం పన్నాను. ఆఖరి యుద్ధం పెడతాను, ముగ్గురూ ఉంటేనే భూతం చచ్చేట్టు పెడతాను. నలభై పేజీల నోటుబుక్కు నింపాను. భూతానికి ఏడు పొట్టలు, ఒక్కో పొట్టలో ఒక్కో యుద్ధం. ఒక్కో యుద్ధానికి తక్కువలో తక్కువ ఒక ఆదివారం. ఏడు ఆదివారాలు ఎక్కడికీ పోరు వీళ్లు. ఆ లెక్క వేసుకుని తృప్తిగా నిద్రపోయిన నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి, "భూతం చచ్చేదాంట్లో నువ్వు లేకపోతే ఎట్ల బావా" అని నూరిపోసి, చివరికి ఇద్దర్నీ రప్పించాను. అమ్మ చేత తాజా ఓళిగ చేయించాను. అవ్వ గవ్వలు కడిగి ఇచ్చింది.

చాప చుట్టూ కూర్చున్నాం. నేను దుప్పటి కప్పుకుని, గొంతు చించుకుని భూతంలా గర్జించాను. "ఎవరక్కడ? నా కొండ మీదికొచ్చిన తీపి ముక్కలెవరు?"

చెల్లెలు జిలేబిని ముందుకు జరిపి గవ్వలందుకుంది. బావ దాని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒక్క నిమిషం ఉండు పాపా. ఏమప్పా భూతం, ముందు ఒకటి చెప్పు. దినానికి ఎన్ని కొండలు తింటావు నువ్వు?"

"ఒ... ఒకటి" అన్నాను.

"తిన్యాక మిగిలే మన్నంతా యాడ పోస్తాండావు?"

ఎనిమిది నెలల్లో నాకు ఈ ప్రశ్న తట్టలేదు. "ఈడే, పక్కన" అన్నాను. భూతం గొంతు అప్పటికే సగం దిగిపోయింది.

"పక్కన జాగా ఎవరిది? వాళ్లని అడిగినావా?"

"క్యా రే," అన్నాడు పొడుగోడు నిజంగా బాధపడుతూ, "ఇంత దొడ్డ భూతం, ఒక్క టిప్పర్ లేదా? కొండకాడికి నువ్వే నడిచి పోతావా? దినా ఎంత పరేశాన్ అప్పా నీకు!"

"చూడప్పా," బావ మోకాళ్ల మీదికి లేచాడు. "మేము కొట్లాడేకి రాల్యా. నువ్వు ఈడ నీడలో కూర్చో. కొండ తవ్వేది మావోళ్లు, నీ కాడికి తెచ్చేది మా టిప్పర్లు. నువ్వు నోరు తెర్చుకోని తిను, సాలు. మా ఊరి జోలికి మాత్రం రావద్దు."

"మరి దుమ్ము?" అంది చెల్లెలు. "దుమ్ము పడి మనూర్లో సగం మంది ఎండి సచ్చిపోయినారు గదా బావా? వాళ్ల కోసరమే గదా మనం వచ్చినాం?"

"దానికేముంది పాపా, దావంతా ట్యాంకరుతో నీళ్లు కొట్టిస్తాం. ఆయ్తు గదా!"

నేను గబగబా జిరాక్సు పుస్తకం తిరగేశాను, ఇది కుదరదని ఎక్కడో ఒకచోట రాసి ఉంటుందని. రాసి లేదు. పైపెచ్చు, భూతాన్ని మాటలతో కూడా లొంగదీయవచ్చు, కథ చెప్పేవాడు ఒప్పుకుంటే, అని ఉంది. అంటే గవ్వలతో పనిలేదు, అంతా నా నోట్లోనే ఉంది. ముగ్గురూ నా వంక చూస్తున్నారు. బావ మొహం వెలిగిపోతోంది. ఫోను మోగుతున్నా చూడటం లేదు. ఎనిమిది నెలల్లో వాడు ఆటలో ఇంతగా మునిగింది ఆ కాసేపే. ఇప్పుడు కాదంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు. చిన్నబుచ్చుకుంటే లేచి వెళ్లిపోతాడు. వెళ్లిపోతే మళ్లీ రాడు. నా చేతిలో నలభై పేజీలున్నాయి, ఏడు పొట్టలున్నాయి. చెల్లెలు గొంతు తగ్గించి, "కాదను అన్నా. నువ్వు భూతానివి గదా, కాదను" అంది.

"సరే" అన్నాను.

పొడుగోడు లేచి ఈల వేశాడు. బావ నా దుప్పటి లాగేసి వాటేసుకున్నాడు. "ఎట్ల కుదిరిచ్చినానప్పా!" అంటూ ఓళిగని రెండుగా చించి సగం వాడు తిని, సగం నా నోట్లో కుక్కాడు. మైసూర్‌పాకుని పొడుగోడు గడప రాయి మీద కొట్టి ఎలాగో పగలగొట్టాడు. చెల్లెలు జిలేబిని ఎవరికీ ఇవ్వలేదు. గుప్పిట్లో పట్టుకుని లోపలికి పోయింది. పట్టుమని పావుగంట కాలేదు, ఆఖరి యుద్ధం ముగిసింది, ఒక్క చుక్క పాకం కారకుండా. మోటారుసైకిలు ఎక్కుతున్న బావని, "వచ్చే ఆదివారం?" అని అడిగాను. బావ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "ఇంకేముందప్పా? పని నడుస్తాండాది గదా. కొట్లాటే లేకపోతే ఆట యాడిది?"

వాడన్నది అక్షరాలా నిజం. ఆ తర్వాతి ఆదివారం మోటారుసైకిలు రాలేదు. ఫోను చేస్తే "ఈ వారం కాదప్పా, లోడింగు ఉండాది" అన్నాడు. ఆ పై ఆదివారం ఎత్తనే లేదు. మైనింగు మూతపడి, కూరెకుప్ప చేన్లో టిప్పర్లు తుప్పుపట్టి, అందరం తలో దిక్కు సర్దుకున్నాక ఒక పెళ్లిలో బావ పక్కన పంక్తిలో కూర్చున్నాను. ఆ ఆట గుర్తుందా అని అడిగాను. చీమల సైన్యం గుర్తులేదు, కొండచిలువ గుర్తులేదు. "భూతంతో బేరం కుదిరిచ్చినాం జూడు, అది మాత్రం భలే బేరమప్పా" అన్నాడు, ఇప్పటికీ గర్వంగా. నేనూ నవ్వాను. కోపగించుకోవడానికి నాకేం హక్కుంది? సంతకం పెట్టింది నేనే కదా.

కానీ ఎవరూ రాని ఆ మొదటి ఆదివారం నేను నవ్వలేదు. చాప పరిచి, గవ్వలు పెట్టుకుని, మధ్యాహ్నం దాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాను. లారీలన్నీ వస్తున్నాయి, పోతున్నాయి, మోటారుసైకిలు తప్ప. ఎప్పుడొచ్చిందో చెల్లెలు వచ్చి ఎదురుగా కూర్చుంది. నా మొహం చూసి అడిగింది.

"అన్నా, కడాకు గెలిచింది ఎవరు? మనమా, భూతమా?"

"భూతమే" అన్నాను.

"భూతం నువ్వే గదా. మల్లేంటికి ఏడుస్తాండావు?"

కంట్లో దుమ్ము పడిందన్నాను. అంతకంటే నమ్మదగిన అబద్ధం ఆ రోజుల్లో బళ్లారిలో ఇంకోటి లేదు. అయినా చెల్లెలు నమ్మలేదు. ఇప్పుడు నా తల నెరిసింది. ఆఫీసులో కుదరదు అనాల్సి వచ్చినప్పుడల్లా, దుప్పటి కప్పుకుని, ఏడు పొట్టలు పెట్టుకుని, భూతమై కూర్చుని కూడా ఆ ఒక్క మాట నోటికి రాని కుర్రవాడు గుర్తొస్తాడు. పాపం వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే, ఎదుటివాడికి సరే అనేసి ఉంటాను.