శంఖం గురించి నేను రాసిన ఉత్తరం

సముద్రపు గుల్లల ఫోటోలు, పేర్లు, అవి పుట్టే తీరాలు, అన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. చేతిలో ఉన్న గుల్లను నాలుగు వైపులా ఫోటో తీసి పెడితే చాలు, ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో గంట తిరక్కముందే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారు. నేనూ ఆ సైట్లు చూస్తుంటాను. బాగుంటాయి. చూసిన ప్రతిసారీ రోజులు లెక్కపెట్టుకుంటాను కూడా. నా రోజుల్లో ఒక్క శంఖం పేరు ఖాయం కావడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఆ ఇరవై నాలుగు రోజులూ మా అమ్మవి.

మా బాపుకు వరంగల్ బజారులో పూజా సామాను దుకాణం ఉండేది. కుంకుమ, కర్పూరం, రుద్రాక్షలు, పచ్చీసు ఆడుకునే గవ్వలు, శంఖాలు అమ్మేవాడు. ఏడాదికోసారి కోస్తా నుంచి ఒక శంఖాల వ్యాపారి గోనెసంచులు దించేవాడు. బాపు అమ్మకానికి పనికొచ్చేవి ఏరుకునేవాడు, నేను పనికిరానివి ఏరుకునేదాన్ని. అంచు విరిగినవి, పురుగు తొలిచినవి, ఎవరికీ పేరు తెలియనివి నావి. ఎనభైల మొదట్లో హనుమకొండ కాలేజీలో జంతుశాస్త్రంతో బీఎస్సీలో చేరాక ఆ పిచ్చి ముదిరింది. ఆదివారాలు ఒక స్నేహితురాలితో ధర్మసాగర్ బస్సెక్కి, అక్కడి చెరువు గట్టు కింద నత్తగుల్లలు, ఆల్చిప్పలు ఏరుకొచ్చేదాన్ని. వాటిని ఉడకబెట్టి లోపలి మాంసం తీసేస్తే తప్ప వాసన పోదు. మా ఇంట్లోనేమో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. దొడ్లో మూడు ఇటుకలు పేర్చి, పాత నూనె డబ్బా ఇచ్చి, ఎవరైనా వస్తే బట్టలు ఉడకబెడుతున్నానని చెప్పమన్నది అమ్మే.

పేర్లు తెలుసుకోవడం మాత్రం నరకం. కాలేజీ లైబ్రరీలో గుల్లల మీద ఒకే ఒక్క పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది. దాన్ని ఇంటికి ఇవ్వరు. అందులో ఉన్నవి గీసిన బొమ్మలే, అవీ రంగుల్లేనివి. ఒక వారపత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీ చూసి, సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో గుల్లలు పోగుచేసే రిటైర్డు మాస్టారికి ఉత్తరం రాశాను. అప్పటినుంచి నేను అగ్గిపెట్టెలో దూది పరిచి చెరువు నత్తలు పంపితే, ఆయన సముద్రపువి పంపేవాడు. పొదుపరి మనిషి. జవాబు కావాలంటే పోస్టుకార్డు జతచేయమని మొదటే చెప్పాడు. నేను ప్రతి ఉత్తరంతోనూ మా దుకాణం చిరునామా రాసిన ఖాళీ కార్డు పెట్టేదాన్ని. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ దుకాణానికే వచ్చేవి మరి.

రెండో ఏడు పరీక్షలయ్యాక అమ్మకు కడుపునొప్పి మొదలైంది. తిన్నది నిలిచేది కాదు. మా డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, కడుపులో గడ్డలాగా తగులుతోంది, జర హైదరాబాద్ పెద్ద దవాఖానలో చూపించండి అన్నాడు. బాపుకు కోత అంటే, ఆపరేషన్ అంటే భయం. వాళ్ళమ్మ కోత బల్ల మీదినుంచి లేవలేదు. సరిగ్గా ఆ వారమే శంఖాల వ్యాపారి వచ్చి, పట్టుగుడ్డ విప్పి, బాపు ఇరవై ఏళ్లుగా అడుగుతున్న దాన్ని బయటికి తీశాడు. దక్షిణావర్త శంఖం. మామూలు శంఖాలన్నీ ఒక వైపు తిరిగితే ఇది రెండో వైపు తిరుగుతుంది. ఎన్ని వేలల్లోనో ఒకటి దొరుకుతుంది. దొరికిన ఇంట్లో లక్ష్మి ఉంటుందనీ, దానిలో పోసిన నీళ్ళు తాగితే రోగం నిలవదనీ నమ్మకం. బాపు దాన్ని అమ్మకానికి కొనలేదు. అమ్మకోసం కొన్నాడు. ఒక మండలం, అంటే నలభై ఒక్క రోజులు తీర్థం పోస్తాననీ, నయం కాకపోతే అప్పుడు హైదరాబాద్ పోదామనీ అన్నాడు.

అమ్మ నవ్వింది. శంఖులో పోస్తేనే తీర్థం, డాక్టరు సీసాలో పోశాడు కాబట్టే పనిచేయలేదని ఎగతాళి చేసింది. అయినా రోజూ పొద్దున తలస్నానం చేసి, వణుక్కుంటూ వచ్చి దోసిలి పట్టేది.

తొమ్మిదో రోజు బాపు సరుకుకోసం పోయినప్పుడు నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ముట్టుకునేముందు తానం చేసి రమ్మని అమ్మ పంపింది, చేసి వచ్చాను. ఎత్తగానే తేలికగా అనిపించింది. మన శంఖం నోట్లో వేలు పెడితే లోపల నడిమి స్తంభం మీద మూడు నాలుగు మడతలు గట్లలాగా తగులుతాయి. దీనిలో వేలు నున్నగా జారిపోయింది. మళ్ళీ పెట్టాను. నున్నగానే ఉంది. లైబ్రరీ పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీ నా కళ్ళముందుకు వచ్చింది. అమెరికా సముద్రంలో ఒక జాతి గుల్ల ఉంది. దానిలో అన్నీ ఆ రెండో వైపే తిరుగుతాయి, వింతేమీ లేదు. ఇది అదే.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, గంత నవ్వుతున్నవ్?" అంది అమ్మ మంచం మీదినుంచి.

ఏం లేదన్నాను. కానీ నేను నవ్వుతున్నమాట నిజం. దాచుకోవడానికేమీ లేదు, నాకు సంబరమైంది. వరంగల్ బజారులో అమెరికా గుల్లను నేను ఒక్కదాన్నే, వేలితో, పట్టుకున్నాను. ఆ పూటే బాపుతో చెప్పి ఉండాల్సింది. ఆయన ముప్పై ఏళ్లుగా శంఖాలు అమ్ముతున్న మనిషి, నేను బొమ్మ చూసిన పిల్లను, నమ్ముతాడా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు మాస్టారి చేత అవుననిపించుకోవాలని ఉంది. మర్నాడు కాగితం రెండు వైపులా నింపి, శంఖం బొమ్మ గీసి, కొలతలు వేసి, పేరు కూడా నేనే రాసి, ఎప్పటిలాగే ఖాళీ కార్డు జతచేసి పోస్టు చేశాను. అంత పొడుగు ఉత్తరంలో మా అమ్మ జబ్బు గురించి ఒక్క ముక్క లేదు.

వారం అయింది, పది రోజులైంది. జవాబు లేదు. అమ్మ దోసిలి పడుతూనే ఉంది. ఒక పొద్దున తీర్థం తాగి అక్కడే కక్కుకుంది. బాపు దాన్ని మంచి గుర్తనుకున్నాడు, రోగం బయటపడుతోందన్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. కార్డు రేపు వస్తుందిలే అనుకున్నాను.

కార్డు ముప్పై మూడో రోజున వచ్చింది. దుకాణానికే వచ్చింది. కార్డు అంటే కవరు కాదుగా, ఎవరైనా చదవొచ్చు. మా పోస్ట్‌మన్ నోట్లో నువ్వుగింజ నానదు. దక్షిణావర్తం కాదట సేఠూ అంటూనే బాపు చేతికిచ్చాడట. దాన్ని అక్కడే చదువుకుని బాపు పట్టపగలు దుకాణం మూసి ఇంటికొచ్చాడు. కార్డు నాకు చూపించలేదు. అమ్మ పక్కన కూర్చుని, "అది మన శంఖం కాదట. తెల్లారి పట్నం పోదాం" అన్నాడు. అమ్మ సరేనంది. ఎన్నాళ్ల నుంచో ఆ మాటకోసమే చూస్తున్నదానిలాగా, వెంటనే ఏ చీరలు పెట్టుకోవాలో నాకు చెప్పసాగింది. మర్నాడు పొద్దటి బండికి ముగ్గురం బయలుదేరాం.

పెద్ద దవాఖానలో మూడు రోజులు పరీక్షలు చేశారు. కోసినా లాభం లేదు, ఇంకా ముందుగా తీసుకురావాల్సిందన్నాడు డాక్టరు. ఎన్ని రోజుల ముందని బాపు అడిగాడు. అది ఎవరూ చెప్పలేరన్నాడు. బాపు మళ్ళీ అదే అడిగాడు. డాక్టరు ఆయన భుజం తట్టి, నొప్పి తగ్గడానికి నర్సమ్మ చెప్పే మందు రాసుకోమని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయాడు.

వరండాలోకి వచ్చాక బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అడిగాడు.

"కార్డు వచ్చినంకనే నీకు ఎరికైందా బిడ్డా?"

"కార్డు వచ్చినంకనే, బాపు."

ఆయన తలూపాడు. "గంతే అయ్యుంటది" అన్నాడు. "గిన్నేండ్ల సంది అమ్మెటోన్ని, నాకే తెల్వలే. నీకేం తెలుస్తది."

ఇంతలో నర్సమ్మ వచ్చి మందు పేరు చెప్పింది. రాసుకోవడానికి కాగితం లేదు. బాపు చొక్కా జేబులోంచి ఆ కార్డు తీసి, దీని మీద రాసుకొమ్మని నాకిచ్చాడు. ఖాళీ చోటుకోసం వెనక్కి తిప్పాను. మాస్టారి చక్కని దస్తూరి. "అమ్మాయీ, ఊళ్ళో లేనందువల్ల జవాబు ఆలస్యమైంది. నువ్వు పోల్చుకున్నది నూటికి నూరుపాళ్ళు సరి. లోపల మడతలు లేవని నువ్వే పట్టుకున్నావు, పేరు కూడా నువ్వే రాశావు, ఇక నేను చెప్పేదేముంది? ఇంత సంబరంగా రాసిన ఉత్తరం నాకు ఈ మధ్య ఎవరి దగ్గర్నుంచీ రాలేదు." పైన నా ఉత్తరం తేదీ కూడా వేశాడు, మండలంలో పదో రోజుది.

తలెత్తి చూశాను. బాపు గేటు వైపు చూస్తున్నాడు. సంతకం కింద కాస్త జాగా ఉంటే మందు పేరు అందులో రాశాను. ఆయన కార్డు తీసుకుని, చెప్పులు తొడుక్కుని మందుల దుకాణానికి పోయాడు.

అమ్మ ఆ వానాకాలం దాటలేదు. శంఖాన్ని నమ్మి పెళ్ళాన్ని చంపుకున్నాడని బజారంతా బాపు వెనక అనుకుంది. కొందరు ముఖం మీదే అన్నారు. బతికినన్నాళ్లూ ఆయన కాదనలేదు. పక్కనే ఉండి నేనూ కాదనలేదు.