శనివారం మాటలు

పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అబద్ధం. దించుకోవడానికి ఇన్నాళ్లూ చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సిద్దిపేటలో మా చర్చికి నేను సంఘపెద్దను. పెళ్లి కుదిరిన జంటలకు మూడు శనివారాలు నేనూ నా భార్య కరుణా తరగతి చెప్పేవాళ్లం. పెళ్లి మనుషుల ఒప్పందం కాదు, దేవుని ఎదుట చేసిన ప్రమాణం అని నేను చెప్పేవాణ్ణి. కోపమొస్తే పొద్దుగూకేలోపు మాట కలపండి అని ఆమె చెప్పేది. నా మోచెయ్యి తట్టి నవ్వేది కూడా. జంటలు మమ్మల్ని చూసి మురిసిపోయేవి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత అంటారే, అది మేమే. ఆ తరగతి గదిలో తప్ప ఆమె నాతో మాట్లాడేది కాదు.

ఎందుకో చెప్పాలి. చెప్పడానికేగా కూర్చున్నాను.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక రోజు చర్చిలో పెళ్లి. పెళ్లికూతురికి తల్లిదండ్రులు లేరు, ఆ స్థానంలో మేమిద్దరం నిలబడాలి. పొద్దున ఏడింటికి కొండపాక నుంచి బావమరిది ఫోన్ చేశాడు. మామకు ప్రాణం మీదికొచ్చింది, అక్కను వెంటనే తీసుకురమ్మన్నాడు. కరుణ లోపల జడ వేసుకుంటోంది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. దేవుని సన్నిధిలో జరిగే పెళ్లికి ఆటంకం రాకూడదనుకున్నాను. నిజంగా అదేనా? నలుగురిలో నా పెద్దరికం తగ్గుతుందని కాదూ? రెండోదే ఎక్కువ. కరుణ ఆ అమ్మాయి ముసుగు సర్దింది, ప్రమాణాలప్పుడు కళ్లు తుడుచుకుంది, అందరికీ అన్నం వడ్డించింది. భోజనాలన్నీ అయ్యాక చెప్పాను.

బస్సులో అడిగింది.

“ఫోన్ ఎప్పుడొచ్చింది?”

“గిప్పుడే.”

మేం చేరేసరికి మామ పోయి గంటైంది. పొద్దున్నే ఫోన్ చేశానని బావమరిది ఆమెతో అంటుంటే వాకిట్లో నిలబడి విన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, మాట మాత్రం మానేసింది. బండి మీద నా భుజం కాకుండా వెనక కడ్డీ పట్టుకునేది. పెళ్లిని విడదీయకూడదని బోధించినవాళ్లం కదా, విడిపోలేదు. మాకు పిల్లలు లేరు. పెళ్లిళ్లు లేని నెలల్లో ఆ రెండు గదుల ఇల్లు ఎంత పెద్దదో తెలిసేది. నేను సిగ్గు లేకుండా శనివారాల కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఒకసారి బెజ్జంకి నుంచి వచ్చిన పెళ్లికూతురు అడిగింది, అంకుల్ మీకు ఎప్పుడన్నా క్షమాపణ చెప్పిండా ఆంటీ అని. నేను తల వంచుకున్నాను.

“చెప్పిండు బిడ్డా, మస్తు సార్లు చెప్పిండు,” అంది కరుణ.

ఒక్కసారి కూడా చెప్పలేదు. నా పరువు కోసం ఆమె అబద్ధమాడింది, దేవుని మందిరంలో. బయటికొచ్చాక బండి దగ్గరైనా నేను క్షమాపణ అడగొచ్చు కదా? క్షమించు అనాలంటే ముందు ‘ఏడింటికి’ అనాలి. ఆ మాట దగ్గరే నోరు పెగలలేదు. ఆమెకు తెలిసిన నిజాన్ని ఆమెకే చెప్పడానికి ఎందుకంత భయపడ్డానో ఇప్పటికీ అర్థం కాదు. తాళం తిప్పి బండి స్టార్ట్ చేశాను.

పోయిన వానాకాలం కరుణ చనిపోయింది. సమాధి దగ్గర పాస్టర్ మా కాపురం సంఘానికి సాక్ష్యమన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఈ శనివారం కొత్త జంట వస్తోంది, మీరొక్కరైనా చాలు అన్నారు పాస్టర్. వాళ్లకేం చెప్పాలో తెలియదు. దేవుణ్ణి రోజూ క్షమించమంటున్నాను. కానీ బస్సులో నన్ను అడిగింది ఆయన కాదు, ఆమె. జవాబు ఆమెకే బాకీ.

కరుణా, ఫోన్ పొద్దుగాల ఏడింటికే వచ్చింది.